ఆ కారుకు ఏమైంది?

ఒకప్పుడు ఇంట్లో ఉండి, తర్వాత అమ్ముడుపోయిన కారు గురించి రెండు ప్రశ్నలు అడగవచ్చు. మన కారు ఇప్పుడు ఎక్కడుంది? ఇది ఒకటి. ఆ కారుకు ఏమైంది? ఇది రెండోది. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ మొదటి ప్రశ్న తృప్తి పడాలంటే కారు కళ్లముందుకు వచ్చి నిలబడాలి. అంతకు తక్కువ ఏది తెలిసినా అడిగినవాళ్లకు ఓటమిగానే తోస్తుంది. రెండో ప్రశ్నకు ఏ జవాబైనా జవాబే. పక్క తాలూకా డాక్టరుగారు కొన్నారని తెలిసినా, పదేళ్లు టాక్సీగా తిరిగిందని తెలిసినా, ఫలానా ఏడాది తుక్కు కింద పోయిందని తెలిసినా ఒక మెట్టు ఎక్కినట్టే. రెండో ప్రశ్న పట్టుకుని బయలుదేరినవాళ్లకే మొదటిదానికి కూడా జవాబు దొరికే అవకాశం ఎక్కువ. ఈ అధ్యాయంలో నేను నిరూపించదలచింది ఈ ఒక్క సంగతే. ఇది దొరకనివాళ్లను ఊరడించడానికి చెప్పే మాట కాదు. పాత కార్ల కాగితాలు ఎలా మిగులుతాయో, వాటిని దాచిన మనుషులు ఎప్పుడు నోరు విప్పుతారో చూస్తే ఇదే తేలుతుంది.

ముందుగా, గతి తెలిసిన కార్లను చూద్దాం. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక సుభాష్ చంద్రబోస్ కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంటి నుంచి తప్పించుకుని గోమో స్టేషన్ దాకా వెళ్లిన జర్మన్ కారు వాండరర్. నడిపింది ఆయన అన్న కొడుకు శిశిర్ బోస్. బిఎల్‌ఎ 7169 నంబరుగల ఆ కారు నేటికీ అదే ఇంట్లో, ఇప్పటి నేతాజీ భవన్‌లో ఉంది. 2017లో దానికి మరమ్మతు చేయించి మళ్లీ జనానికి చూపించారు. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉండగా 1964లో 12,000 రూపాయల ఫియట్ కారు కొనడానికి పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు చేశారు. ఆయన పోయాక ఆ అప్పును లలితాశాస్త్రి తన పింఛనులోంచి తీర్చారు. డిఎల్‌ఇ 6 నంబరు కారు ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది. మన హైదరాబాదులో ఆరో నిజాం ఆర్డరు ఇచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఆయన చనిపోయాక వచ్చింది, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. మూడూ అమ్ముడుపోలేదు. ఇల్లో, సంస్థో, సంస్థానమో వాటిని తమ చేతుల్లోంచి జారనివ్వలేదు. అందుకే అవి మన వెతుకులాటకు నమూనాలు కావు. మ్యూజియంలో తళతళలాడే బండిని చూసి ‘మనదీ ఎక్కడో ఇలాగే ఉంటుంది’ అనుకోవడం సహజమే, కానీ మన కారు అమ్ముడుపోయింది. అమ్ముడుపోయిన బండి జాడ, దాన్ని అమ్మిన చోటునుంచే మొదలవుతుంది.

అమ్మకాలకు ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే సగం తేదీలు ఊహకు అందుతాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మన పెద్దిళ్లలో కనిపించిన షెవ్రోలే, బ్యూక్, ప్లిమత్, డాడ్జ్ లాంటి అమెరికా బండ్లు పెట్రోలు విపరీతంగా తాగేవి. 1973 అక్టోబరు అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత కొద్ది నెలల్లోనే చమురు ధర సుమారు నాలుగింతలైంది. అలాంటి బండిని ఇంట్లో పెట్టుకోవడం చాలామందికి తలకు మించిన భారమైంది. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్‌ల కథ వేరు. కొత్తది కావాలంటే ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండాల్సిన రోజుల్లో పాతదానికి మంచి ధర పలికేది, కొన్నవాడు దాన్ని జాగ్రత్తగా చూసుకునేవాడు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఆ విలువ క్రమంగా కరిగిపోయింది. కాబట్టి మీ ఇంటి ప్లిమత్ 1974 ప్రాంతంలో పోయిందా, మీ ఇంటి హెరాల్డ్ 1986 ప్రాంతంలో పోయిందా అన్నదాన్ని బట్టి కొనుగోలుదారు ఎలాంటివాడై ఉంటాడో కూడా మారుతుంది. మొదటి రకం బండి కొన్నవాడు డీజిల్ ఇంజిను ఎక్కించి అద్దెకు తిప్పి ఉండవచ్చు, సినిమా షూటింగులకు పంపి ఉండవచ్చు. రెండోది కొన్నవాడు ఎక్కువగా మీ ఊరి చుట్టుపక్కల మనిషే.

ఇక నంబరు. ఇంట్లోవాళ్లకు కారు రంగు గుర్తుంటుంది, హారన్ మోత గుర్తుంటుంది, తిరుపతి ప్రయాణంలో ఏ ఘాట్ మలుపు దగ్గర రేడియేటర్ పొగలు కక్కిందో గుర్తుంటుంది. నంబరు మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. జ్ఞాపకం బండి తాలూకు అనుభవాన్ని దాచుకుంటుంది, గుర్తింపును దాచుకోదు. రంగూ నమ్మదగింది కాదు, చేతులు మారినప్పుడు మొదట మారేది అదే. అందుకని ఇంట్లో వెతకాల్సింది కాగితాలు. మనవాళ్లు సి బుక్కు అనే రిజిస్ట్రేషన్ పుస్తకం బండితోపాటే కొన్నవాళ్లకు వెళ్లిపోయి ఉంటుంది, దానిమీద ఆశ పెట్టుకోవద్దు. దాని చుట్టూ పుట్టిన కాగితాలు ఇంట్లోనే మిగులుతాయి. ఇన్సూరెన్స్ పాలసీలో నంబరు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. జీవితకాల పన్ను రాకముందు మూడు నెలలకో ఏడాదికో కట్టిన పన్ను రసీదులుంటాయి. అప్పు తీసుకుని కొంటే బ్యాంకు ఉత్తరాలుంటాయి. డబ్బు చేతులు మారిన ప్రతిచోటా ఒక కాగితం పుడుతుంది. పెళ్లి ఫోటోల్లో, పుట్టువెంట్రుకల ఫోటోల్లో వెనకాల నిలబడ్డ బండి నంబరు ప్లేటు మీద సగం అంకెలైనా కనిపిస్తాయి. ఫోటోను ఫోనుతో తీసి పెద్దది చేయడం కన్నా, నెగెటివ్ దొరికితే దాన్ని స్కాన్ చేయించడం మేలు.

చాలామంది తీసి పారేసే కాగితాలు ఇంకో రకం ఉన్నాయి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనవి అవే. బండి అమ్మాక ఇంటికి వచ్చిన చికాకు కాగితాలు. ఇప్పటి చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. ఆచరణలో పేరు మార్చకుండా, ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి బండి ఇచ్చేయడం దశాబ్దాలుగా సాగిన అలవాటు. అలాంటి బండి ఎక్కడో ప్రమాదం చేస్తే నోటీసు రిజిస్టరులో పేరున్నవారికే వస్తుంది. రికార్డుల్లో పేరు మారనంతకాలం చట్టం దృష్టిలో పాత యజమానే యజమాని అనీ, పరిహారం బాధ్యత ఆయనదే అనీ 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ నోటీసు వచ్చిన రోజు ఇంట్లో ఎంత గొడవ జరిగి ఉంటుందో ఊహించవచ్చు. నేడు వెతికేవారికి మాత్రం అందులో బండి ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరి చేతిలో ఉందో రాసి ఉంటుంది. పన్ను బాకీ నోటీసులు కూడా ఇలాంటివే. ‘మన కారు’ అని వెతికేవారు అమ్మకం తేదీ దగ్గర ఆగిపోతారు కాబట్టి ఈ కాగితాలను చూడరు. ‘ఏమైంది’ అని వెతికేవారు ఆ తేదీ తర్వాతి కాగితాల కోసమే చూస్తారు.

నంబరు దొరికాక దాన్ని చదవడం నేర్చుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆపైన రాష్ట్రం పేరును రెండక్షరాల్లో చూపే ఇప్పటి పద్ధతి వచ్చింది. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ బండ్లకు ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల వరుసలు ఉండేవి. ఆ మూడక్షరాలు ఏ జిల్లా ఆఫీసు రిజిస్టరు తెరవాలో చెబుతాయి. జిల్లాలు మాత్రం కదలకుండా కూర్చోలేదు. 1970లో ప్రకాశం, 1978లో రంగారెడ్డి, 1979లో విజయనగరం ఏర్పడ్డాయి. 2016లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ జిల్లాలను పునర్విభజించాయి. ఒంగోలులో తిరిగిన 1965 నాటి బండి పుట్టుక రాసిన పుస్తకం గుంటూరులోనో నెల్లూరులోనో ఉండవచ్చు. బండి వేరే రాష్ట్రానికి వెళ్లి ఏడాది దాటి అక్కడే ఉంటే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. అప్పుడు మీరు ఎరిగిన నంబరు మాయమవుతుంది, బండి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ నంబరునూ పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే మన దేశంలో పెట్రోలు బండ్లకు డీజిల్ ఇంజిన్లు వేయడం మామూలు పని. చివరిదాకా బండిని అంటిపెట్టుకుని ఉండేది ఛాసిస్ నంబరు. రిజిస్ట్రేషన్ ఫారాల మీద ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర అడగడంలో ఉద్దేశం ఇదే. అది చేత్తో రాసిన అంకె కాదు, ఇనుము మీది అచ్చు. పాత ఫైల్లో అలాంటి ముద్ర దొరికితే సాక్ష్యాల్లో దానికి మించింది లేదు.

బ్రిటన్‌లో తయారై వచ్చిన బండి అయితే ఛాసిస్ నంబరు ఇంకో తలుపు తెరుస్తుంది. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం మోరిస్, ఆస్టిన్ లాంటి కంపెనీల పాత ఉత్పత్తి రికార్డుల నుంచి, ఉన్నంతవరకు, ధ్రువపత్రాలు ఇస్తుంది. బండి ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ దేశానికి పంపారు అన్నవి అందులో ఉంటాయి. పాత రోల్స్‌రాయిస్‌ల ఛాసిస్ కార్డులను అక్కడి అభిమానుల సంఘం భద్రపరిచింది. ఇవన్నీ బండి పుట్టుక సంగతులు. మనదేశంలో దాని జీవితం తెలియాలంటే మళ్లీ ఆర్టీఓ ఆఫీసుకే రావాలి.

‘ప్రభుత్వ వాహన్ వెబ్‌సైటులో నంబరు కొడితే వచ్చేస్తుంది కదా, ఇంత శ్రమ ఎందుకు?’ అని ఎవరైనా అడగవచ్చు. కొట్టి చూడండి, తప్పు లేదు. కానీ కంప్యూటర్లు రాకముందే మూలపడ్డ బండి వివరాలు ఎవరో కూర్చుని ఎక్కిస్తే తప్ప అందులో కనిపించవు. కనిపించకపోవడం బండి లేదనడానికి సాక్ష్యం కాదు. ఇక మిగిలింది సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల రుసుము, 30 రోజుల గడువు. ఇక్కడే ప్రశ్న తేడా బయటపడుతుంది. ‘ప్రస్తుత యజమాని పేరు, చిరునామా ఇవ్వండి’ అని రాస్తే అది వ్యక్తిగత సమాచారమని సెక్షన్ 8(1)(జె) కింద తిప్పి పంపే అవకాశం ఎక్కువ, ఆ రక్షణ సబబైందే కూడా. అదే ‘ఫలానా నంబరు బండికి రిజిస్టరులో చివరి నమోదు ఏ తేదీది, చివరి రెన్యువల్ ఎప్పుడు, వేరే చోటికి మార్చడానికి ఏ ఆఫీసుకు ఎన్‌ఓసీ ఇచ్చారు, రిజిస్ట్రేషన్ రద్దయితే ఎప్పుడు’ అని అడిగితే అందులో మనిషి లేడు, బండి చరిత్ర మాత్రమే ఉంది. 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది కాబట్టి చివరి రెన్యువల్ తేదీ, బండి రోడ్డు మీద ఎంతకాలం బతికిందో దాదాపు చెప్పేస్తుంది. ఎన్‌ఓసీ వెళ్లిన ఊరు తర్వాతి గొలుసు ముక్క. పాత రిజిస్టర్లను గడువు తీరాక నాశనం చేశామని జవాబు వస్తే, అదీ రాతపూర్వకంగా వచ్చిన జవాబే. ఆ దారి మూసుకుపోయిందని తెలిసి మరో దారి పట్టవచ్చు.

ఆ మరో దారి మనుషులు. కాగితాల కన్నా కష్టమైంది, కాగితాల కన్నా గొప్పది. ముందు ఇంట్లోని పెద్దవాళ్లు. మనం వెళ్లి ‘కారు ఎందుకు అమ్మేశారు?’ అంటాం. ఆ మాటలో నింద లేకపోయినా వాళ్ల చెవికి నిందలాగే వినిపిస్తుంది. కారు అమ్మకం వెనక చాలా ఇళ్లలో ఒక పంట పోవడమో, ఆడపిల్ల పెళ్లో, అన్నదమ్ముల పంపకాలో, వ్యాపారంలో దెబ్బో ఉంటుంది. ‘ఏదో, అమ్మేశాంలే’ అన్న పొడి మాటతో ఆ పెద్దాయన యాభై ఏళ్లుగా దాచుకున్నది ఆ కారణాన్ని. కాబట్టి కారణం అడగవద్దు. ఎవరు వచ్చి తీసుకెళ్లారు, పొద్దున్నా సాయంత్రమా, నడిపింది ఎవరు, మధ్యవర్తి ఎవరు, డబ్బు ఒకేసారి ఇచ్చారా అని అడగండి. జరిగిన సంగతులు అడిగితే మనుషులు చెబుతారు. కారణం చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. అప్పుడు మధ్యలో అడ్డుపడకుండా వినండి. ‘ఎక్కడుంది’ అని వెళ్లినవాడు ఈ మాటలను పక్కదారి అనుకుని తొందరపెడతాడు, పెద్దాయన నోరు మూసుకుంటాడు, దాంతోపాటు మధ్యవర్తి పేరూ పోతుంది.

డ్రైవరు కుటుంబాన్ని మరిచిపోవద్దు. యజమాని కన్నా బండిని ఎక్కువ ఎరిగినవాడు అతనే, అమ్మాక బండితోపాటే కొత్త యజమాని దగ్గర చేరిన డ్రైవర్లూ ఉన్నారు. ఆ తర్వాత మెకానిక్‌లు. విజయవాడ ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుపేటలోనో పాత బండ్ల విడిభాగాలు అమ్మే కొట్లలో తండ్రి తర్వాత కొడుకు అదే పని చేస్తున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు నంబర్లు గుర్తుండవు, బండ్లు గుర్తుంటాయి. ఏ హెరాల్డ్‌కు బానెట్ పగుళ్లు ఎక్కడ అతికించారో, ఏ లాండ్‌మాస్టర్‌కు వేరే బండి స్టీరింగ్ వేశారో చెప్పగలరు. ఫోటో ప్రింటు పట్టుకెళ్లండి, ఫోనులో చూపించడం కన్నా అది చేతులు మారుతుంది, నలుగురి కళ్లలో పడుతుంది. పని వేళ కాకుండా టీ వేళకు వెళ్లండి. పాత కార్ల సంఘాలకు, ఏటా ర్యాలీలు నడిపేవాళ్లకు కూడా ఇదే ఫోటో పంపవచ్చు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక ర్యాలీ 1964 నుంచి జరుగుతోంది. అలాంటి చోట్ల బయటపడే బండ్లకు వెనకటి యజమానుల చరిత్ర అంటే ప్రాణం, ఎందుకంటే బండి విలువలో అది సగం.

ఈ దారులన్నీ ఒక మనిషి దగ్గరికి చేరుస్తాయి. ఆయన దగ్గర బండి ఉంది, లేదా నిన్నటిదాకా ఉంది. మీరు ఫోన్ చేసి ‘అది మా తాతగారి కారండీ’ అని మొదలుపెడితే ఆయన వినేది వేరు. వారసులు హక్కు కోసం వచ్చారు, కాగితాల్లో లోపం వెతుకుతున్నారు అని వింటారు. పేరు మార్చుకోని బండి అయితే భయం రెట్టింపు. న్యాయంగా చూస్తే డబ్బు తీసుకుని అప్పగించిన వస్తువు మీద మీకు హక్కు లేదు. ఆ మాటను మీరే ముందు చెప్పాలి. ‘బండి మీదే, అడగడానికి రాలేదు, దాని పాత ఫోటోలు మా దగ్గర ఉన్నాయి, మీకు పంపాలని’ అంటే సంభాషణ వేరుగా నడుస్తుంది. ఇది తెచ్చిపెట్టుకున్న లౌక్యంగా ఉంటే అవతలివాళ్లు పసిగడతారు. నిజంగానే ‘ఏమైంది’ అన్న కుతూహలంతో వెళ్లినవారి నోట ఆ మాట తడబడదు. అందుకే మొదట ప్రశ్న మారాలని ఇంతసేపు పట్టుబట్టాను.

‘దొరికితే కొనుక్కోకూడదా? ఆ కోరిక తప్పా?’ అన్న ఆక్షేపణ బలమైంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. తప్పు కాదు. అయితే చూడటానికి వెళ్లిన రోజు కొనుగోలు మాట ఎత్తవద్దు. కళ్లలో నీళ్లు పెట్టుకున్న కొనుగోలుదారుకు ఏ అమ్మకందారూ ధర తగ్గించడు. మరో ప్రమాదం, మీ నంబరు ప్లేటు వేరే బండికి తగిలించి ఉండవచ్చు. ఛాసిస్ నంబరు సరిపోల్చనిదే ‘ఇదే’ అని నమ్మవద్దు. 2021లో కేంద్రం తెచ్చిన నియమాలు కూడా తెలుసుకోవాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని సొంత బండ్లను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, ఆపై ఐదేళ్లకు 5,000. ముందే రిజిస్టరైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు, మన పనికి ఇది శుభవార్త. కానీ అలా నమోదైన బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు. డీజిల్ ఇంజిన్ వేసి టాక్సీగా తిప్పిన బండికి ఈ గుర్తింపు దొరకడం కష్టం. ఇవన్నీ లెక్క వేసుకున్నాక కూడా కొనాలనిపిస్తే నెల రోజులాగి వెళ్లండి.

ఇంకో ఆక్షేపణ ఉంది. ఇదంతా ఇనుప ముక్క కోసం భావావేశం, ఆ సమయం బతికున్న మనుషులకు ఇవ్వచ్చు కదా అని. ఈ వెతుకులాటలో సమయం వెళ్లేదే బతికున్న మనుషులకు. పెద్దనాన్నలు, డ్రైవరు కొడుకు, మెకానిక్, మధ్యవర్తి కూతురు, ఎప్పుడూ చూడని ఓ కొనుగోలుదారు కుటుంబం. కారు పోయిన ఏడాది తెలిస్తే ఆ ఇంటి ఆర్థిక చరిత్రలో ఒక మలుపు తేదీతో సహా తెలుస్తుంది. ఇల్లు, పొలం అమ్మకాలకు దస్తావేజులున్నాయి. కారు అమ్మకానికి తరచూ అలాంటి దస్తావేజు మిగలదు, అందుకే దాన్ని ఎవరో కూర్చి పెట్టాలి. ఎక్కువ సందర్భాల్లో చివరి ముక్క తుక్కు కొట్టు దగ్గరే తేలుతుంది. అప్పుడు ఏ ఏడాది, ఏ ఊరు, ఎవరు చెప్పారు, ఏ కాగితం చూశాం అని నాలుగు వాక్యాలు రాసి, అనుమానం ఉన్న చోట అనుమానమని గుర్తు పెట్టి, ఫోటోలతో కలిపి దాచండి. ఎవరో చెప్పినదాన్ని చూసినట్టు రాయవద్దు.

వరుస విషయంలో ఒక్క మాట. 1974లో ముప్పై ఏళ్ల వయసులో తాళాలు అప్పగించిన మనిషికి ఈ రోజు ఎనభై దాటాయి. ఆర్టీఓ దరఖాస్తు వచ్చే నెల పెట్టినా పోయేదేమీ లేదు. ముందు ఫోటోలు తీసుకుని ఆ మనిషి దగ్గరికి వెళ్లండి, మధ్యాహ్నం నిద్ర లేచాక, కాస్త వెలుతురున్న వరండాలో కూర్చోబెట్టి ఒక్కొక్కటే చేతికివ్వండి. చెప్పిన పేర్లు, ఊళ్లు, ఏళ్లు ఆ ఫోటో వెనక పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా కొన్నేళ్లకు బొమ్మలోకి దిగుతుంది.